పూర్వ విద్యార్థికీ పాడే చోటు ఉండాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

సంక్రాంతి సెలవులు దగ్గరపడే కొద్దీ మన కళాశాలల పూర్వ విద్యార్థుల సమ్మేళనాల వార్తలు మీ జిల్లా పేజీల్లో వరుసగా వస్తుంటాయి. గుంటూరులో పుట్టి పెరిగి, పై చదువు కోసం అమెరికాలోని మినసోటా రాష్ట్రానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడిన నేను ఆ వార్తలను ఎంతో ఇష్టంగా చదువుతాను. పాతికేళ్లకో నలభై ఏళ్లకో కలుసుకున్న మిత్రులు వరుసగా నిలబడి తీయించుకున్న ఆ ఫొటోల్లో తెలిసిన ముఖం ఏదైనా ఉందేమోనని వెతుక్కుంటాను. ఈ డిసెంబరులో నేను డిగ్రీ చదివిన కళాశాల క్రిస్మస్ సంగీతోత్సవానికి వెళ్లి శ్రోతల మధ్య కూర్చున్నప్పుడు, మన సమ్మేళనాల్లో లేనిది ఒకటి అక్కడ ఉన్నదని నాకు స్పష్టంగా తెలిసింది. అదేమిటో, అది మన కళాశాలలకు ఎందుకు అవసరమో మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను చదివిన సెయింట్ ఓలాఫ్ కళాశాల మినియాపొలిస్ నగరానికి దక్షిణాన, నార్త్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి అంచున ఒక గుట్ట మీద ఉంటుంది. నార్వే నుంచి వలస వచ్చిన లూథరన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబాలు తమ పిల్లల చదువు కోసం 1874లో దాన్ని స్థాపించుకున్నాయి. నార్వేలోనే పుట్టిన ఎఫ్. మీలియస్ క్రిస్టియన్సన్ అనే వయొలిన్ విద్వాంసుడు 1903లో అక్కడికి సంగీతాచార్యుడిగా వచ్చాడు. 1912లో ఆయన రూపు దిద్దిన గాయకబృందమే నేటి సెయింట్ ఓలాఫ్ క్వయర్. క్రిస్మస్ సంగీతోత్సవం మొదలైనదీ ఆ ఏడాదే. మరుసటి ఏడు ఆ విద్యార్థులు ఓడెక్కి నార్వే వెళ్లి, తమ పెద్దలు విడిచి వచ్చిన ఊళ్లలో పాడి వచ్చారు. మొదటి నూరేళ్లలో ఆ బృందాన్ని నడిపినవారు నలుగురే. క్రిస్టియన్సన్ తరువాత ఆయన కుమారుడు ఓలాఫ్, ఆ తరువాత కెన్నెత్ జెన్నింగ్స్, 1990 నుంచి ఆంటన్ ఆర్మ్‌స్ట్రాంగ్. జెన్నింగ్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ ఇద్దరూ ఒకప్పుడు ఆ గుట్ట మీద విద్యార్థులుగా ఆ బృందంలోనే పాడి, పెద్దవారయ్యాక అదే బృందం ఎదుట నిలబడినవారు.

గుంటూరు వాడినైన నాకు ఆ ప్రాంతం మొదటినుంచీ బొత్తిగా పరాయిగా అనిపించలేదు. 1842లో గుంటూరుకు వచ్చి బడులు తెరిచిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ మధ్యలో కొన్నేళ్లు మినసోటాలో పనిచేశారు. 1860లో ఇక్కడి లూథరన్ సంఘాల సినడ్‌కు, అంటే వాటి ఉమ్మడి సమాఖ్యకు, ఆయనే మొదటి అధ్యక్షులు. డెబ్బై ఆరేళ్ల వయసులో మళ్లీ తెలుగు నేలకు తిరిగివచ్చారు. ఆయన మొదలుపెట్టిన మిషన్ పనిలోంచే 1885లో గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల పుట్టింది. మా ఇంట్లో పాట కూడా ఆ దారినే వచ్చింది. ప్రతి కీర్తన పైనా రాగం, తాళం పేర్లు అచ్చువేసిన పాత కీర్తనల పుస్తకం, గుడిలో హార్మోనియం, డిసెంబరు రాత్రుల్లో డోలక్ మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి క్యారల్స్ పాడే పెద్దలు, వారి వెనుక మంకీ క్యాప్‌లు పెట్టుకున్న పిల్లలం. పాటంటే నాకు అప్పటికి తెలిసినది అదే, అందరమూ ఒకే వరుసను ఒకే గొంతుగా ఎత్తుకోవడం.

మన పాఠకులకు బృందగానం కొత్త కాదు. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన నాడు పంచరత్న కృతులను విద్వాంసులందరూ గోష్ఠిగా పాడడం టీవీలో చూసినవారే అందరూ. భజనలో ఒకరు అంటే తక్కినవారు అందుకుంటారు. ఈ రెండింటిలోనూ ఎన్ని గొంతులున్నా వరుస ఒక్కటే. పాశ్చాత్య క్వయర్‌లో అలా కాదు. స్త్రీల గొంతుల్లో పై స్థాయి సొప్రానో, కింది స్థాయి ఆల్టో. పురుషుల గొంతుల్లో పైది టెనర్, కిందిది బేస్. ఈ నాలుగు వర్గాలూ ఒకే మాటలను నాలుగు వేర్వేరు వరుసల్లో ఏకకాలంలో పాడతాయి. ఎక్కువసార్లు పాట వరుస సొప్రానోల దగ్గరే ఉంటుంది కాబట్టి, టెనర్‌గా చేరిన నేను శ్రోతలు ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసే వరుసను దాదాపు ఎప్పుడూ పాడలేదు. నేను పాడినది మధ్యలో ఎక్కడో ఉండే వరుస. విడిగా వింటే అది ఏ పాటో ఎవరికీ తెలియదు. అయితే అది తప్పిందంటే మొత్తం పాటలో ఏదో వెలితి ఏర్పడిందని అందరికీ తెలుస్తుంది. తన గొంతు పైకి వినిపించాలన్న ఆరాటాన్ని పక్కనపెట్టి, కుడివైపు మనిషినీ ఎడమవైపు మనిషినీ వింటూ తన స్వరం మీద స్థిరంగా నిలబడడం పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఎంత కష్టమో, అది అలవడ్డాక ఎంత తృప్తినిస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. ఏ ఒక్క గొంతూ విడిగా తెలియకూడదన్నది క్రిస్టియన్సన్ కాలం నుంచీ అక్కడ పాటిస్తున్న నియమం. సెయింట్ ఓలాఫ్ క్వయర్ గాయకులు చేతిలో పుస్తకం లేకుండా, పక్కవారి చెయ్యి పట్టుకుని పాడతారు. వాద్య సహకారం లేని పాటల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ ముగించాలో ఆ చేతుల ద్వారానే ఒకరి నుంచి ఒకరికి తెలుస్తుంది.

ఉత్సవం జరిగే స్కోగ్లండ్ సెంటర్ మామూలు రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడే వ్యాయామశాల. డిసెంబరు మొదట్లో దానిలో అంచెలంచెలుగా వేదికలు కట్టి, వెలుగులు అమర్చి, అయిదు గాయకబృందాలనూ ఒక ఆర్కెస్ట్రానూ అక్కడ నిలబెడతారు. మొదటి ఏడాది విద్యార్థినుల మానిటూ సింగర్స్, మొదటి ఏడాది విద్యార్థుల వైకింగ్ కోరస్, ఆ పైన చాపెల్ క్వయర్, కాంటొరై, సెయింట్ ఓలాఫ్ క్వయర్. అన్నీ కలిపి అయిదు వందల మందికి పైగా విద్యార్థులు. కళాశాల మొత్తం మీద చదివేవారు సుమారు మూడు వేలు. అంటే ఉత్సవం జరిగే నాలుగు రోజులూ ప్రతి ఆరుగురిలో ఒకరు వేదిక మీదే ఉంటారు. వారిలో సంగీతాన్నే చదువుగా తీసుకున్నవారికంటే రసాయనశాస్త్రం, గణితం, అర్థశాస్త్రం, నర్సింగ్ చదివేవారే ఎక్కువ. పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు ఉండవు, అతిథుల పరిచయాలు ఉండవు, శాలువాలు ఉండవు. ఒక బృందం చివరి స్వరం మీద ఉండగానే మరో మూల నుంచి ఇంకో బృందం అందుకుంటుంది. బయట మంచు గడ్డకట్టి ఉంటుంది. లోపల ముసలివారూ పిల్లలూ నార్వే అల్లికల ఉన్ని స్వెటర్లు వేసుకుని కూర్చుంటారు. భోజనశాలలో ఆ రోజుల్లో నార్వే పండుగ వంటలు పెడతారు. ఎండబెట్టిన చేపను క్షారంలో నానబెట్టి వండే ల్యూటెఫిస్క్ నాకు ఎన్నడూ నోటికి పట్టలేదు గానీ, బంగాళాదుంపతో పల్చగా ఒత్తి కాల్చే లెఫ్సె రొట్టె మీద వెన్న, చక్కెర రాసుకుని తింటే ఎవరికైనా నచ్చుతుంది.

నేను చదివే రోజుల్లో వేదిక మీద నిలబడి ఆ జనాన్ని చూసేవాణ్ని. ఈసారి వారి మధ్య కూర్చుని వేదికను చూశాను. వైకింగ్ కోరస్ పిల్లలు నడిచి వస్తుంటే, వారిలో టెనర్లు నిలబడే చోటికి నా కళ్లు వాటంతట అవే వెళ్లాయి. నేను నిలబడిన చోట మరెవరో నిలబడి ఉండడం చూసి దిగులు కలుగుతుందనుకున్నాను. కలిగింది కూడా, కాదనను. అయితే ఆ దిగులు ఎక్కువసేపు నిలవలేదు. కారణం, ఆ ఉత్సవంలో కొన్ని కీర్తనలు శ్రోతలు కూడా లేచి నిలబడి పాడవలసినవి. అందరమూ లేచాము. ఆర్కెస్ట్రా ఎత్తుకుంది. నా ముందు వరుసలో తల పండిన ఒక పెద్దాయన పాట వరుసను విడిచి, గంభీరంగా కింది బేస్ వరుసలోకి దిగారు. నా వెనుక ఎవరో ఆల్టో పాడుతున్నారు. నా గొంతులోకి కూడా, నేను వెతకకుండానే, టెనర్ వరుస వచ్చింది. ఆ ఏటి గాయకులు పాడుతున్న నాలుగు వరుసలూ వేల మంది శ్రోతల నోళ్లలో కూడా ఉన్నాయి. ఏ సంవత్సరం చదివారో, ఇప్పుడు ఏ ఉద్యోగం చేస్తున్నారో తెలియని మనుషులు, ఒకరి పేరు ఒకరు అడగకుండానే, ఒక్కొక్కరు తమ పాత స్థానంలో నిలబడి పాడుతున్నారు. చివరికి గాయకబృందాలు హాలు చుట్టూ శ్రోతలను ఆవరించి, క్రిస్టియన్సన్ బృందగానానికి అమర్చిన ఒక పాత కీర్తనతో ఉత్సవాన్ని ముగిస్తాయి. ప్రతి ఏటా అదే కీర్తన. పూర్వ విద్యార్థుల్లో దాన్ని కంఠతా పట్టనివారు అరుదు.

మన పూర్వ విద్యార్థుల సమ్మేళనాలను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. వృద్ధులైన గురువులను వెతికి పిలిపించి, పాదాలకు నమస్కరించి, సన్మానం చేసే మన పద్ధతి ఎంతో గొప్పది; అది ఇక్కడివారికి లేదు. పేద విద్యార్థులకు ఫీజులు కట్టే సంఘాలు, పాత భవనాలకు మరమ్మతులు చేయించే సంఘాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కానీ ఆ ఒక్కరోజు జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, భోజనాలు, గ్రూప్ ఫొటో అయ్యాక, అంతమందీ కలిసి చేసే పని ఒక్కటీ ఉండదు. ఉండకపోవడానికి కారణం, చదువుకునే రోజుల్లో వారందరూ కలిసి చేసిన పని ఏదీ లేకపోవడమే. తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్నాము, పరీక్షలు ఎవరికి వారే రాశాము, ర్యాంకులు ఎవరివి వారికే వచ్చాయి. జ్ఞాపకాలుగా మిగిలినవి క్యాంటీన్, బస్సు, ఒకరిద్దరు స్నేహితులు. వేర్వేరు సంవత్సరాల్లో చదివినవారిని కలిపేది కళాశాల పేరొక్కటే. 1985 బ్యాచ్ మనిషికీ 2015 బ్యాచ్ మనిషికీ ఉమ్మడిగా ఒక పాట ఉండి, ఇద్దరూ దానిలో తమ తమ వరుసలు ఎరిగి ఉంటే, పరిచయం చేసుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

మన కళాశాలల్లో పాట లేదని కాదు. వార్షికోత్సవంలో బాగా పాడే ఒకరిద్దరు మైకు పట్టుకుని సినిమా పాటలు ట్రాక్ మీద పాడతారు; మిగిలినవారు చప్పట్లు కొడతారు. సభ మొదట్లో ప్రార్థన గీతం ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు పాడుతుంటే తక్కినవారు చేతులు కట్టుకుని నిలబడతారు. పుట్టుకతో మంచి గొంతు ఉన్నవారికే పాట అన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. కర్ణాటక సంగీతంలో ఏళ్ల తరబడి సాధన చేసినవారే వేదిక ఎక్కాలన్న గౌరవభావం ఒకవైపు, పోటీల్లో నెగ్గినవారే గాయకులన్న టీవీ ధోరణి మరోవైపు, మధ్యస్థమైన గొంతు ఉన్న సాధారణ విద్యార్థికి చోటు లేకుండా చేశాయి. క్వయర్‌కు కావలసినది ఆ సాధారణ విద్యార్థే. శ్రుతి పట్టుకోగలిగి, పక్కవారిని వినే ఓర్పు ఉండి, అభ్యాసానికి తప్పకుండా వచ్చేవాడే బృందాన్ని నిలబెడతాడు. ఇంటర్మీడియట్‌లో రెండేళ్లు పుస్తకం నుంచి తల ఎత్తకుండా చదివి, ఇంజనీరింగ్‌లో చేరేసరికి గదికీ ఫోన్‌కూ అంటిపెట్టుకుపోతున్న మన పిల్లలకు, వారానికి కొన్ని గంటలు యాభై మందితో కలిసి ఒకేసారి ఊపిరి తీసుకునే అవకాశం దొరకడం ఎంత అవసరమో తల్లిదండ్రులు ఆలోచించాలి.

మన సంగీతం నాలుగు వరుసల పాటకు ఒదగదని కొందరు విద్వాంసులు అంటారు. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. గమకం మన రాగానికి ప్రాణం. ఒక స్వరం ఊగుతుండగా దాని కింద మరో స్వరాన్ని స్థిరంగా నిలబెడితే రెండూ చెడిపోవచ్చు. కానీ మార్గం లేకపోలేదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ 1970ల ఆరంభంలో మద్రాసు యూత్ క్వయర్‌ను స్థాపించి, పలు భారతీయ భాషల పాటలను వేర్వేరు వరుసల్లో యువతీ యువకుల చేత పాడించారు. 1988లో ఆయన మరణించిన తరువాత కూడా ఆ బృందం పాడుతూనే వచ్చింది. చలనచిత్ర సంగీత దర్శకుడిగా ఆయన్ను మలయాళీలు గుండెల్లో పెట్టుకున్నారు. మన చిత్తూరు బిడ్డ అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. గమకాలు తక్కువగా ఉండే జానపద గేయాలతో మొదలుపెట్టవచ్చు. సగం మంది పల్లవి ఎత్తుకున్నాక ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆలస్యంగా మిగతా సగం అదే పల్లవి ఎత్తుకునే పద్ధతి ఉంది. అది పిల్లలకు ఒక్క పూటలో వస్తుంది. షడ్జ పంచమాలను (స, ప స్వరాలను) బేస్ గొంతుల్లో తంబురాలా నిలిపి ఉంచి, పైన రాగాన్ని స్వేచ్ఛగా నడిపించవచ్చు. ఇవన్నీ మన చెవికి హితంగానే ఉంటాయి.

మరొక సందేహం మతం గురించి వస్తుందని నాకు తెలుసు. సెయింట్ ఓలాఫ్ లూథరన్ కళాశాల, అక్కడి ఉత్సవం క్రైస్తవ ఉత్సవం, నేనూ ఆ విశ్వాసంలో పెరిగినవాణ్నే. అయినా నేను ఇక్కడ అడుగుతున్నది క్రిస్మస్ పాటలను కాదు. క్రైస్తవ కళాశాలలు క్రిస్మస్‌కు పాడుకోవచ్చు. మిగిలిన కళాశాలలు సంక్రాంతికో ఉగాదికో, లేదా కళాశాల స్థాపన దినానికో తమ పాట తాము ఎంచుకోవచ్చు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే ఆ రోజు ఏటేటా మారకూడదు, కనీసం ఒక్క పాట ఎన్నటికీ మారకూడదు. ప్రతి బ్యాచ్‌కూ కొత్త పాట నేర్పితే ఆ పాట ఆ బ్యాచ్‌తోనే పోతుంది.

దీనికి పెద్ద ఖర్చు అవసరం లేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన విజయనగరం సంగీత కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాల వంటి చోట్ల చదివి, పట్టా చేత పట్టుకుని సరైన ఉపాధి లేక ఇళ్లల్లో ట్యూషన్లు చెప్పుకుంటున్న యువతీ యువకులు ఉన్నారు. జిల్లాలో రెండు మూడు కళాశాలలు కలిసి ఒక్కరిని నియమించుకున్నా చాలు. ఒక హార్మోనియం, ప్రతిధ్వని మరీ ఎక్కువ కాని ఒక హాలు, సాయంత్రం వేళ ఎవరూ లాక్కోని ఒక గంట కావాలి. ఆ గంటే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. కార్యక్రమాలకు యాజమాన్యాలు సమయం కేటాయిస్తున్నప్పుడు దీనికి కూడా కేటాయించవచ్చు. మైకులు వద్దు. మైకు పెట్టగానే దాని దగ్గర నిలబడ్డ ఇద్దరి గొంతులే వినిపిస్తాయి, బృందం మాయమవుతుంది. సమ్మేళనానికి ఆహ్వానం పంపేటప్పుడు దానితోపాటు ఆ పాట స్వరాలనూ, ఒక్కొక్క వరుసను విడివిడిగా పాడిన రికార్డునూ పూర్వ విద్యార్థుల ఫోన్లకు పంపితే, వచ్చేవారు ముందే జ్ఞాపకం చేసుకుని వస్తారు. రాలేనివారు తమ ఇంట్లో పాడుకుంటారు.

1843లో మొదలైన మచిలీపట్నం నోబుల్ కళాశాల, 1885 నాటి గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1887 నాటి హైదరాబాదు నిజాం కళాశాల వంటి పాత సంస్థలు ముందుకు వస్తే మిగిలినవి తప్పక అనుసరిస్తాయి. వాటి పూర్వ విద్యార్థులు దేశదేశాల్లో ఉన్నారు. పిలిస్తే సాయం చేయడానికి నావంటివారు కొందరం సిద్ధంగా ఉన్నాము. ఈలోగా తెలుగు రాష్ట్రాల్లోని ఏ కళాశాలలోనైనా ఒకప్పుడు బృందగానం క్రమం తప్పకుండా సాగి ఆగిపోయి ఉంటే, లేదా నేటికీ సాగుతూ ఉంటే, అందులో పాడినవారు ఏ పాటలు, ఏ గురువు దగ్గర, ఎలా నేర్చుకున్నారో రాసి పంపవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అటువంటి లేఖలు వస్తే వాటికి మీ ఆదివారం సంచికలో చోటివ్వవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
గుంటూరుకు చెందిన ఒక పూర్వ విద్యార్థి,
మినియాపొలిస్, అమెరికా